చెత్తబండి వెళ్లిపోయాక: మున్సిపల్ కౌన్సిల్ సమీక్ష ఎక్కడ ఆగిపోతోంది?

మున్సిపల్ కౌన్సిల్ అజెండా ఎప్పుడైనా చేతికి దొరికితే ఓపిగ్గా చదవండి. ఫలానా వార్డులో సీసీ డ్రెయిన్‌కు అంచనా, ఫలానా పంపుహౌస్‌లో కాలిపోయిన మోటారు రీవైండింగ్‌కు అయిన ఖర్చు, బ్లీచింగ్ పౌడరు, సున్నం, పారలు, చీపుళ్ల కొనుగోలు, ఔట్‌సోర్సింగ్ కార్మికుల గడువు పొడిగింపు. ప్రతి అంశం చివరా 'కౌన్సిల్ వారి పరిశీలన, ఆమోదం నిమిత్తం' అన్న ధోరణిలో ఒక వాక్యం ఉంటుంది. కొన్ని పనులు అప్పటికే అయిపోయి, బిల్లుకు ఆమోదం మాత్రమే మిగిలి ఉంటుంది. చివర్లో టేబుల్ అజెండా అని మరికొన్ని కాగితాలు వచ్చి చేరతాయి. సమావేశంలో కౌన్సిలర్లు లేచి మాట్లాడేది మాత్రం వేరే: మా వార్డులో నీళ్లు రావడం లేదు, వీధి లైట్లు వెలగడం లేదు, చెత్తబండి మూడు రోజులకోసారి వస్తోంది.

ఈ ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా చిన్నది కాదు. నీళ్లు రాని ఇంట్లో ఆ రోజు ఎలా గడుస్తుందో అక్కడి ఆడవాళ్లకు తెలుసు. కానీ ఒక సంగతి గమనించండి. బండి రాకపోతే అడిగేవాళ్లు వందమంది ఉంటారు. వచ్చిన బండి చెత్తను ఎక్కడ పోసిందని అడిగేవాళ్లు ఉండరు. కుళాయి ఆగితే ధర్నా చేస్తాం, అదే నీరు మురుగై ఏ చెరువులో కలుస్తోందని ఎవరూ ధర్నా చేయరు. మన ఊళ్లలో 'సేవ' ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతోంది. గుమ్మం దాటాక జరిగేదానికి 'పర్యావరణం' అని పేరు పెట్టి, వేరే ఫైల్లో పెట్టి, వేరే అధికారికి అప్పగించాం. పౌరసేవల మీద, పర్యావరణ విధానం మీద కౌన్సిల్ చేసే సమీక్ష ఎందుకు సగంలోనే ఆగిపోతోందో అర్థం కావాలంటే ఈ విడదీతను ముందు పట్టుకోవాలి.

ఎవరి చేతిలో ఏముంది

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలైంది. దాంతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో 18 అంశాలున్నాయి. తాగునీరు, ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఘన వ్యర్థాల నిర్వహణ, పట్టణ ప్రణాళిక, మొక్కల పెంపకం, పర్యావరణ పరిరక్షణ అన్నీ అందులోనే ఉన్నాయి. అంటే చెత్త ఎత్తడం, చెరువును కాపాడటం ఒకే సభ చేయాల్సిన పనులని రాజ్యాంగం ముప్పై ఏళ్ల కిందటే గుర్తించింది. కాకపోతే వాటిలో ఏది, ఎంత మేరకు ఇవ్వాలో తేల్చే అధికారం రాష్ట్రాల దగ్గరే ఉంది. అక్కడే చిక్కు పడింది.

హైదరాబాద్‌నే తీసుకోండి. చెత్త జీహెచ్‌ఎంసీది, నీళ్లు, మురుగు 1989లో ఏర్పడిన జలమండలివి. కార్పొరేటర్ ఇంటికి మొదట వచ్చేది డ్రైనేజీ పొంగిందన్న ఫిర్యాదే, ఆ పని చేసే సంస్థ మాత్రం కౌన్సిల్ కింద ఉండదు. విశాఖలో నీళ్లు కార్పొరేషన్ చేతిలోనే ఉన్నాయి. కానీ అక్కడ 2012లో పాలకవర్గం గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. హుద్‌హుద్ తుపాను దెబ్బ, స్మార్ట్ సిటీ ప్రాజెక్టులు, కాపులుప్పాడ డంపింగ్ యార్డు మీద నిర్ణయాలు, అన్నీ కౌన్సిల్ అనేదే లేని కాలంలో నడిచాయి. తెలంగాణలోనూ 2025 జనవరిలో చాలా మున్సిపాలిటీల పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. సమీక్ష సరిగా జరగడం లేదని అనేముందు, సమీక్షించాల్సిన సభ అసలు ఉందా అని కూడా చూసుకోవాలి.

చెత్త పన్ను కథ

కౌన్సిల్ చేతిలో ఉండాల్సిన నిర్ణయం ఎలా చేజారుతుందో చెప్పడానికి ఆంధ్రప్రదేశ్ చెత్త పన్ను కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

2021 అక్టోబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి విజయవాడలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం ప్రారంభించారు. ఇంటింటికీ మూడు రంగుల డబ్బాలు, వీధుల్లో కొత్త టిప్పర్లు. ఇళ్ల దగ్గర నెలకు 30 నుంచి 120 రూపాయల వరకు యూజర్ ఛార్జీ, దుకాణాలకు, హోటళ్లకు అంతకంటే ఎక్కువ. జనం నోట అది చెత్త పన్ను అయింది. ఈ ఛార్జీకి చట్టపరమైన ఆధారం ముందు నుంచీ ఉంది. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, స్థానిక సంస్థలు తమ సొంత నియమాలు (బైలాలు) చేసుకుని యూజర్ ఫీజు వసూలు చేయాలన్నాయి. ఊరి ఖర్చెంత, ఎవరు ఎంత భరించగలరు, బస్తీల్లో ఎంత, అపార్టుమెంట్లలో ఎంత అన్నది కౌన్సిల్ కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. జరిగింది అది కాదు. పథకం రాష్ట్ర స్థాయిలో తయారైంది, కౌన్సిళ్ల ముందుకు తీర్మానం కోసం వచ్చింది. చాలాచోట్ల ప్రతిపక్ష సభ్యులు వ్యతిరేకించారు, అధికార పక్షం ఆమోదించింది.

వసూలు బాధ్యత వార్డు సచివాలయాల మీద పడింది. అక్కడ ఈ పని చూసే ఉద్యోగి హోదా 'శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ'. పారిశుధ్యం, పర్యావరణం రెంటినీ ఒకే మనిషికి అప్పగించిన మంచి హోదా అది. ఆ మనిషి రోజులో ఎక్కువ భాగం ఇంటింటికీ తిరిగి డబ్బు అడగడంలోనే పోయింది. వీధిలో తడి, పొడి చెత్త వేరుగా ఇస్తున్నారా లేదా అని చూడాల్సినవాడు, ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని చూసుకునే స్థితికి వచ్చాడు. డబ్బు కట్టలేదని కొన్నిచోట్ల దుకాణాల ముందు చెత్త పోసిన ఘటనలు జరిగాయి. ఆ తర్వాత ఏ అధికారి ఎంత నచ్చజెప్పినా జనం మనసు మారలేదు.

2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను రద్దు ప్రకటించారు. సరిగ్గా మూడేళ్లు, అదే గాంధీ జయంతి. పెట్టినప్పుడు నిర్ణయం పైనుంచే వచ్చింది, తీసేసినప్పుడూ పైనుంచే వచ్చింది. ఈ మూడేళ్లలో మన ఊళ్లో ఎంత వసూలైంది, బండ్ల అద్దెకు ఎంత పోయింది, తేడా ఏ పద్దు నుంచి పూడ్చారు, వేరుచేసి ఇచ్చే ఇళ్లు పెరిగాయా తగ్గాయా అని కౌన్సిల్ లెక్క తేల్చాల్సింది. రద్దును జనం స్వాగతించారు, అందులో తప్పేమీ లేదు. కూలి పనికి పోయే కుటుంబం దగ్గర, ఏసీలున్న ఇంటి దగ్గర దాదాపు ఒకే తరహాలో వసూలు చేసే ఛార్జీ న్యాయమైనది కాదని నేనూ నమ్ముతాను. కానీ ఛార్జీ పోయినంత మాత్రాన ఖర్చు పోదు. బండికి డీజిల్ కావాలి, డ్రైవరుకు జీతం కావాలి. ఆ డబ్బు ఇప్పుడు ఇంటి పన్ను నుంచి వస్తోందా, ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి వస్తోందా, లేక ఇంకో సేవలో కోత పెట్టి తెస్తున్నారా? ఇంటి పన్నును ఆంధ్రప్రదేశ్ 2020 చివర్లో అద్దె విలువ పద్ధతి నుంచి ఆస్తి విలువ పద్ధతికి మార్చింది. పెద్ద ఆస్తి ఉన్నవాళ్లు ఎక్కువ కట్టే ఏర్పాటు ఒకటి చేతిలో ఉన్నప్పుడు, పారిశుధ్య ఖర్చును దానికే ముడిపెట్టి, ఆ వాటా ఎంతో పన్ను రసీదు మీద చూపిస్తే సరిపోతుంది.

గుమ్మం దాటాక

ఉదయం ఏడింటికి ఒక వీధి చివర నిలబడి చూడండి. విజిల్ వినిపిస్తుంది, లేదా బండి మైకులో పాట. ఒకావిడ ఆకుపచ్చ డబ్బాలో కూరగాయల తొక్కలు, నీలం డబ్బాలో పాల ప్యాకెట్లు, అట్టపెట్టెలు విడివిడిగా తెస్తుంది. బండిలో మధ్యన అడ్డు రేకు ఉంటే రెండూ వేర్వేరు గదుల్లో పడతాయి. ఆ రేకు ఊడిపోయి ఉంటే, లేదా ఒక గది అప్పటికే నిండి ఉంటే, రెండూ ఒకే కుప్పలో కలిసిపోతాయి. ఆమె అది కళ్లారా చూస్తుంది. రేపటి నుంచి ఆమె ఎందుకు వేరుచేయాలి? అవగాహన ర్యాలీలు, గోడల మీద బొమ్మలు, పోటీలు, వీటన్నిటి ఫలితాన్ని ఒక రేకు చెడగొట్టగలదు. కౌన్సిల్ సమీక్షలో 'ఇంటింటి సేకరణ వంద శాతం' అన్న అంకె పక్కన, ఎన్ని బండ్లలో రెండు గదులు సవ్యంగా ఉన్నాయన్న అంకె కూడా ఉండాలి.

లక్ష జనాభా ఉన్న పట్టణం అనుకుందాం. మనిషికి రోజుకు 400 గ్రాముల చొప్పున వేసుకున్నా 40 టన్నుల చెత్త. అందులో సుమారు సగం తడి చెత్త, అంటే కంపోస్టు చేయదగినది. చెత్త మొత్తం కలగలిపి యార్డుకు చేరితే ఏడాదికి 14 వేల టన్నులకు పైగా ఒక గుట్ట. పదేళ్లకు ఎంతవుతుందో ఊహించుకోండి. మచిలీపట్నం సభలోనే రాష్ట్రంలో 85 లక్షల టన్నుల పాత చెత్త పేరుకుపోయిందని ముఖ్యమంత్రి చెప్పారు. ఏడాదిలో తొలగించాలని గడువు పెట్టారు. ఆ గుట్టలు ఒక్క రోజులో పుట్టినవి కావు. ప్రతి రోజూ బండి సమయానికే వచ్చింది, చెత్త ఎత్తుకెళ్లింది, ఫిర్యాదు రాలేదు. సేవ బాగున్న రోజుల్లో కూడా గుట్ట పెరుగుతూనే ఉంది.

ఈ విషయంలో హైదరాబాద్ శివారులోని జవహర్‌నగర్ నన్ను ఎక్కువగా బాధపెట్టే ఉదాహరణ. హైదరాబాద్ చెత్తంతా ఏళ్ల తరబడి అక్కడికే చేరింది. కోటి టన్నులకు పైగా పేరుకున్న పాత గుట్టను మట్టితో, షీట్లతో కప్పారు. 2020 నుంచి చెత్తతో కరెంటు తయారుచేసే ప్లాంటూ నడుస్తోంది. గుట్ట నుంచి కారే నల్లటి ఊట నీరు మల్కారం చెరువును పాడుచేసింది, చుట్టుపక్కల బోర్లను ముట్టుకోలేని స్థితికి తెచ్చింది. 2019లో జవహర్‌నగర్ స్వయంగా ఒక మున్సిపల్ కార్పొరేషన్ అయింది. అంటే చెత్త ఒక కౌన్సిల్‌ది, దుర్వాసన ఇంకో కౌన్సిల్‌ది అయింది. హైదరాబాద్ సమీక్షలో రోజుకు ఎన్ని వేల టన్నులు తరలించామన్నది విజయంగా నమోదవుతుంది. ఆ టన్నులు వచ్చి పడే చోట ఎన్నికైన ప్రతినిధులకు వాటిని ఆపే అధికారం లేకపోయింది. 2025 డిసెంబరులో శివారు పట్టణ సంస్థలన్నిటితో పాటు జవహర్‌నగర్‌ను జీహెచ్‌ఎంసీలో కలిపారు. అప్పుడు కనీసం కాగితం మీదైనా చెత్త, దుర్వాసన ఒకే సంస్థ లెక్కలోకి వచ్చాయి. అక్కడి జనం గొంతు ఇంత పెద్ద నగరంలో వినిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న, అది చిన్న ప్రశ్న కాదు.

మురుగు లెక్క

చెత్త కనీసం కంటికి కనిపిస్తుంది. మురుగు అలా కనబడదు, అందుకే సమీక్షల్లో దాని ఊసు ఇంకా తక్కువ.

అదే లక్ష జనాభా పట్టణానికి మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో కోటి 35 లక్షల లీటర్ల నీరు కావాలి. వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్ల లెక్క. అంటే రోజుకు కోటి 8 లక్షల లీటర్ల మురుగు. చాలా పట్టణాల్లో భూగర్భ డ్రైనేజీ లేదు. వంటింటి నీళ్లు పక్క కాలువలోకి, మరుగుదొడ్డి సెప్టిక్ ట్యాంకులోకి, ట్యాంకు పొంగే నీళ్లు మళ్లీ అదే కాలువలోకి పోతాయి. ఆ కాలువ ఊరి చెరువులోకో, పంట కాలువలోకో చేరుతుంది. కొన్నిచోట్ల కింది ఊరి తాగునీటి చెరువు నిండేది ఆ పంట కాలువ నుంచే. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు సమావేశంలో కొత్త పైపులైన్ల పొడవు చెబుతారు. ఆ పైపులు తెచ్చే అదనపు నీటికి తగ్గ మురుగు ఎక్కడికి పోతుందో ఆయన్ని అడిగేవారుండరు.

2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తెలంగాణకు రూ.3,800 కోట్లకు పైగా పర్యావరణ పరిహారం విధించింది. శుద్ధి కాని మురుగుకు రోజుకు పది లక్షల లీటర్లకు రూ.2 కోట్ల చొప్పున, పాత చెత్తకు టన్నుకు రూ.300 చొప్పున కట్టిన లెక్క అది. మొత్తంలో అత్యధిక భాగం మురుగుదే. అదే కొలత మన లక్ష జనాభా పట్టణానికి వేసి చూస్తే, మురుగు ఏమాత్రం శుద్ధి కాని పక్షంలో, రూ.21 కోట్లు దాటుతుంది. పట్టణ బడ్జెట్ పక్కన పెట్టి చూస్తే ఆ అంకె బరువు తెలుస్తుంది.

మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) కట్టేదాకా ఏమీ చేయలేమా? వరంగల్ అలా అనుకోలేదు. 2014లో అక్కడి కార్పొరేషన్ సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే ప్రైవేటు ట్యాంకర్లకు నియమాలు పెట్టింది. నమోదు చేసుకోవాలి, కార్మికులకు రక్షణ పరికరాలు ఇవ్వాలి, తీసిన మలాన్ని చూపించిన చోటే పోయాలి. తర్వాత దాన్ని శుద్ధి చేసే ప్లాంటు వచ్చింది. అంతకుముందు ఆ ట్యాంకర్లు రాత్రిపూట ఎక్కడ ఖాళీ అయ్యేవో ఊహించడం కష్టం కాదు. ఇంటాయన ట్యాంకరుకు డబ్బిచ్చి పంపేస్తాడు, అతనికి సేవ అందింది. మిగతా సగం పని తనదేనని గుర్తించింది కార్పొరేషన్. వేల కోట్ల ప్రాజెక్టు లేకుండా, ఒక తీర్మానంతో మొదలుపెట్టదగ్గ పని ఇది. ఏ పట్టణంలోనైనా మొదలుపెట్టవచ్చు.

నీటి నష్టం గురించి రెండు మాటలు. పైపుల్లో కారిపోయే, లెక్కలోకి రాని నీరు 20 శాతం మించకూడదన్నది కేంద్రం ప్రమాణం. పంపుహౌస్‌లో 135 లీటర్ల చొప్పున పంపినా, 40 శాతం దారిలో పోతే ఇంటికి చేరేది 81 లీటర్లే. మీటర్లు లేని ఊళ్లో ఈ నష్టం ఎంతో ఎవరికీ తెలియదు, తెలియదు కాబట్టి అజెండాలోకి రాదు. వచ్చేది కొత్త బోరు అంచనా మాత్రమే.

మొక్కల లెక్క, ర్యాంకుల లెక్క

తెలంగాణ మున్సిపల్ చట్టం, 2019 ఒక గట్టి పని చేసింది. పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు సభ్యుల పదవికే ముప్పు అని రాసింది. వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కో దాంట్లో 15 మంది. పర్యావరణానికి బడ్జెట్‌లో విడిగా డబ్బు, ఫలితానికి పేరు పెట్టి బాధ్యత, ఈ రెండూ మంచివే. కానీ పర్యావరణ విధానమంటే మొక్కలు లెక్కపెట్టడమే అన్న అలవాటు పడిపోయింది. నర్సరీకి పెట్టినంత శ్రద్ధ ఊరి చెరువు తూము దగ్గర పెట్టడం లేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసిన పాతికేళ్ల చింతచెట్టు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

పట్టణాల పరిశుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులదీ ఇలాంటి కథే. 2021లో విజయవాడ దేశంలో మూడో స్థానంలో నిలిచింది. ఆ పేరు వెనుక వేలమంది కార్మికుల చెమట ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ మూడేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, అక్కడి జనానికి ర్యాంకు పనికిరాలేదు. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రకటించిన సేవా ప్రమాణాల్లో నీరు, మురుగు, చెత్త, వాననీటి కాలువలకు కలిపి 28 సూచికలున్నాయి. మొదటి మూడింటికీ ఎనిమిదేసి, తొమ్మిదేసి సూచికలుంటే, వాననీటి కాలువలకు రెండంటే రెండే. ఎన్ని వీధులకు కాలువ ఉంది, ఎన్నిసార్లు నీళ్లు నిలిచాయి అన్నవే ఆ రెండు. వాటినైనా ప్రతి ఏటా జూన్‌కు ముందు కౌన్సిల్ ముందు వార్డులవారీగా పెడితే, ఏ కాలువ ఎక్కడ మూసుకుపోయిందో, ఏది ఇరిగేషన్ వాళ్లదో, ఏది మనదో తేలుతుంది.

ఈ అంకెలన్నిటికంటే ముందు అడగాల్సిన వాళ్లు పారిశుధ్య కార్మికులు. ఏ వీధిలో చెత్త కలిపి ఇస్తారో, ఏ హోటల్ రాత్రిపూట కాలువలో పోస్తుందో, ఏ మలుపులో నీళ్లు నిలుస్తాయో మేస్త్రికి నోటికి వచ్చు. 2023 డిసెంబరు, 2024 జనవరి సమ్మె తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వారికి నెలకు రూ.21 వేల వేతనం ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. అది పోరాడి తెచ్చుకున్నది. జీతం విషయంలో తప్ప, పని గురించి వాళ్లను కౌన్సిల్ పిలిచి అడిగిన సందర్భాలు అరుదు. చేతికి గ్లౌజులు ఎన్ని నెలలకోసారి ఇస్తున్నారో కొనుగోలు ఫైలు చూసి చెప్పే కంటే వాళ్లు చెబితేనే నిజం తెలుస్తుంది.

బడ్జెట్ ప్రత్యేక సమావేశం ఏడాదికి ఒకసారే జరుగుతుంది, ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందు. ప్రతులు కౌన్సిలర్లకు ముందే అందుతాయి, సమాచార హక్కు చట్టం కింద మనమూ అడగవచ్చు. మీ వార్డు కౌన్సిలర్‌తో కూర్చుని పారిశుధ్యం పద్దు తీయించండి. యార్డు కాటా దగ్గర నిరుడు తూగిన చెత్త ఎన్ని టన్నులు, అందులో కంపోస్టు అయింది ఎంత, పాత సామాన్ల వాళ్లకు అమ్మింది ఎంత, గుట్టలో కలిసింది ఎంత? ఊరి మురుగు కలిసే చెరువు పేరేమిటి, దాని నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? బండ్లకు డబ్బు కడుతున్నది రోజుల లెక్కనా, తూకం లెక్కనా? ఈ ప్రశ్నలకు సమావేశంలో జవాబు చెప్పలేకపోతే, రాతపూర్వకంగా ఇవ్వమని మినిట్స్‌లో రాయించమనండి.